లక్ష్మీపతి గారి 'నేను'

"ఎంపీ అట, ఎంపీ! ఏం పీకాడని ఎంపీ?" అన్నాడు రాధాకృష్ణమూర్తి, ఇడ్లీని చట్నీలో ముంచి, తినకుండా అలాగే ముంచి ఉంచి.

"ఏం పీకాడో జనానికి తెలుసు. లక్షా పాతికవేల మెజారిటీ ఇచ్చారు. మీరు ఆ ఇడ్లీని పీకడం ఆపి తినండి" అంది సునంద. ముప్పై రెండేళ్ళుగా భార్య అయినందువల్ల ఆమెకు ఆయన కడుపులో ఆకలెంతో, మంటెంతో చూడగానే తెలిసిపోతుంది.

టీవీలో లక్ష్మీపతి మెడలో దండలు పడుతున్నాయి. మెడ కనబడడం మానేసి చాలాసేపయింది. దండల పైన తల, తల పైన చెయ్యి, చెయ్యి చివర రెండు వేళ్ళు. ఇదంతా ఘజియాబాద్ వైశాలిలో, పేరులో తప్ప ఇంకెక్కడా వైశాల్యం లేని ఒక రెండు గదుల ఫ్లాటులోకి వచ్చి పడుతోంది.

"మీ క్లాస్‌మేట్ కదా పప్పా! వావ్! సెల్ఫీ తో బన్‌తీ హై!" అంది కూతురు ప్రవల్లిక, నోయిడా ఆఫీసు క్యాబు కోసం ఒంటికాలి మీద చెప్పు తొడుక్కుంటూ. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది. తండ్రి బాధే అర్థం కాదు.

బాధ ఏమిటంటే, ఇద్దరిదీ ఒకే ఊరు, రాయనిపేట. ఒకే కాలేజీ. ఎనభై అయిదులో కాలేజీ సంఘం కార్యదర్శి పదవికి ఇద్దరూ నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళలో లక్ష్మీపతి గెలిచాడు, మూర్తి నిలబడే ఉండిపోయాడు. తేడా పదకొండు ఓట్లు. అప్పటినుంచీ ఒకడికి కీర్తి మిగిలింది, ఇంకొకడికి మూర్తి అన్న పేరే.

ఆ తర్వాత లక్ష్మీపతి తొమ్మిదో వార్డు కౌన్సిలరయ్యాడు. మురుగుకాలవలోకి దిగాడు, దిగి ఫోటో దిగాడు, ఆ దిగుడుతోనే పైకెక్కాడు. "ఇక్కడితో సరి. వార్డు దాటడు వీడు" అన్నాడు మూర్తి. మరుసటి ఎన్నికల్లో మునిసిపల్ చైర్మనయ్యాడు. "ఆ చెయిర్ ఉన్నంతకాలమే మాన్" అన్నాడు మూర్తి. అసెంబ్లీకి మొదటిసారి నిలబడి ఓడిపోయాడు. ఆ రోజు మూర్తి ఆఫీసంతటికీ అరకిలో కాజూ బర్ఫీ పంచాడు. ఎందుకని అడిగితే "మా ఊళ్ళో శుభకార్యం" అన్నాడు. ఆ బర్ఫీ రుచి అయిదేళ్ళే నిలిచింది, మళ్ళీ ఎన్నికల్లో లక్ష్మీపతి ఎమ్మెల్యే అయిపోయాడు. వార్డుకి పతి, పురానికి పతి, నియోజకవర్గానికి పతి. ఇప్పుడిలా ఢిల్లీ దాకా వచ్చిపడ్డాడు. పతులన్నీ వాడికి, అధోగతులన్నీ తనకీనా?

అయితే మూర్తికి ఒక ఓదార్పు ఉండేది. లక్ష్మీపతి ఎంత ఎదిగినా రాయనిపేట మునిసిపాలిటీ మైకులో అరిచేవాడే. తను? ఇరవై ఆరేళ్ళుగా పార్లమెంటులో మాట్లాడుతున్నాడు!

మాట్లాడడం మాట నిజం. మాట మాత్రం తనది కాదు. మూర్తి సభలో తెలుగు దుబాసీ. తెలుగు సభ్యులెవరైనా తెలుగులో మాట్లాడితే, పైన అద్దాల గదిలో కూర్చుని, వెంటవెంటనే ఇంగ్లీషులో చెప్పాలి. కింద సభ్యులూ మంత్రులూ చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అది వింటారు. ఆ గదిని బూత్ అంటారు. ఆలోచిస్తే ఇద్దరి బతుకూ బూత్ మీదే ఆధారపడింది. లక్ష్మీపతిది పోలింగ్ బూత్, మూర్తిది అనువాదం బూత్. ఇప్పుడు వాడు గెలిచొచ్చాడు కాబట్టి ఈ బూత్‌లో మూర్తి నోట మిగిలేది బూతే.

ఎందుకంటే దుబాసీల వృత్తిలో ఒక నియమం ఉంది. సభ్యుడు 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనాలి. 'ఆయన ఏమంటున్నారంటే' అనకూడదు. రేపు లక్ష్మీపతి లేచి నేను ఇంతటివాణ్ణి అంటే, మూర్తి తన గొంతుతో, తన ఇంగ్లీషులో, నేను ఇంతటివాణ్ణి అని లక్ష్మీపతి తరఫున చెప్పాలి. అద్దె ఇంట్లో ఉండడం మూర్తికి అలవాటే గాని, అద్దె 'నేను'లో ఉండడమంటే మాత్రం ఒళ్ళు మండింది.

*

కారిడార్లో ఎదురుపడనే పడ్డాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లటి నవ్వు. జుట్టు మాత్రం నల్లగా, నమ్మలేనంత నల్లగా ఉంది.

"ఒరేయ్ మూర్తీ! ఇంకా ఇక్కడే ఉన్నావా?"

ఆ 'ఇంకా' మూర్తికి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

"నువ్వు రావడానికి ఇరవై ఆరేళ్ళు ముందునుంచీ ఉన్నాను" అన్నాడు.

"అదేరా! సీటు మారకుండా ఇరవై ఆరేళ్ళు! మాకెక్కడిదిరా ఆ యోగం? అయిదేళ్ళు తిరక్కుండానే మెడపట్టి గెంటడానికి చూస్తారు. రిటైర్మెంటెప్పుడు?"

"మార్చిలో."

"అచ్ఛా!" అన్నాడు లక్ష్మీపతి. ఢిల్లీ వచ్చి తొమ్మిది రోజులు కాలేదు, అప్పుడే అచ్ఛా! "సరే విను. గురువారం నాకు మూడు నిమిషాలిచ్చారు. మన రైల్వేగేటు మీద మాట్లాడతాను. తెలుగులోనే. నువ్వే చెప్తావటగా ఇంగ్లీషులో? జాగ్రత్తగా చెప్పు. మొట్టమొదటి ప్రసంగం. రైల్వే మంత్రిగారు ఎదురుగానే ఉంటారు."

"కాగితం ఏదైనా ఇస్తే ముందుగా చూసుకుంటాను."

"కాగితమా? కాగితం చూస్తే నాకు మాట రాదురా. జనం మొహం చూడాలి. వాళ్ళే చెప్పిస్తారు నాచేత" అంటూ మూర్తి భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం ఓటరు భుజం తట్టినట్టే ఉంది.

మూర్తి అక్కడే నిలబడి, ఉద్యోగంలో చేరిననాటినుంచీ ఏ దేవుణ్ణీ అడగని కోరిక ఒకటి కోరుకున్నాడు. వీడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నోట మాట రాక నిలబడిపోతే చూడాలి. మార్చి లోపల. అది చూసి రిటైరైతే పెన్షన్ తక్కువొచ్చినా ఫరవాలేదు.

ఈలోగా ఆ అద్దె 'నేను' తప్పించుకునే మార్గమొకటి చూశాడు. బూత్‌లో తనతో కూర్చునే ఇంద్రజని అడిగాడు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది, పుట్టి పెరిగింది ఢిల్లీ జనక్‌పురిలో.

"ఇంద్రజా, గురువారం ఆ రాయనిపేట ప్రసంగం నువ్వు చూసుకోమ్మా."

"అయ్యో సార్, ప్లీజ్! నాది జనక్‌పురి తెలుగు. పుస్తకాల్లో ఉన్నట్టు మాట్లాడితే ఎంతైనా చెప్తాను. మీ ఊరాయన 'గేటు పడింది' అంటే గేటు మూశారని మీకు తెలుసు. నేనైతే గేటు కూలిపోయిందని చెప్పేస్తాను. మంత్రిగారు అక్కడికి రిపేరువాళ్ళని పంపిస్తారు!"

అది నిజమే గనక మూర్తి నోరు మూసుకున్నాడు. అంటే గేటు పడింది.

*

గురువారం భోజనాల తర్వాత సభలో సగం కుర్చీలు ఖాళీ. ఉన్న సగంలో కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, కొందరు కళ్ళు మూసుకుని దేశం గురించి ఆలోచిస్తున్నారు. గడియారం మూడు నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లక్ష్మీపతి లేచాడు.

"అధ్యక్షా! నేను రాయనిపేట గేటు పక్కన పుట్టినవాణ్ణి."

మూర్తి మైకు మీట నొక్కాడు. ఇంగ్లీషులో 'నేను' ఒకే ఒక్క అక్షరం, నిటారుగా, దేనికీ వంగకుండా నిలబడి ఉంటుంది, అచ్చం లక్ష్మీపతిలాగే. పైకి 'ఐ' అంటున్నాడు, లోపల 'అయ్యో' అనుకుంటున్నాడు.

"నేను ఆ ఊరికి కౌన్సిలర్ని. నేను చైర్మన్ని. నేను శాసనసభ్యుణ్ణి. ఇవాళ అంతమంది జనం పంపిస్తే వచ్చిన నేను..."

మూర్తి ఆ పదవులన్నిటినీ వరసగా తన గొంతులోంచి నడిపించాడు. ఒక్కటీ అక్కడ ఆగలేదు, అన్నీ కింద లక్ష్మీపతి దగ్గరికే వెళ్ళి కూర్చున్నాయి.

"మా ఊరిని రైలుపట్టాలు రెండుముక్కలు చేశాయి అధ్యక్షా! ఇళ్ళు ఇటు, ఆస్పత్రి అటు. మధ్యలో గేటు. ఒక్కటే అడుగుతాను. మా ఊళ్ళో రోజుకి గేటు ఎన్నిసార్లు పడుతుంది?"

అని కుడిచెయ్యి చెవికి ఆనించి ఆగాడు.

మూర్తి ప్రశ్నని ఇంగ్లీషులో చెప్పి తనూ ఆగాడు. లక్ష్మీపతి పద్ధతి అతనికి తెలుసు. కాలేజీ ఎన్నికలనాటినుంచీ అదే పద్ధతి. ప్రశ్న తనేస్తాడు, జవాబు జనం అరుస్తారు, ఆ అరుపు మీద నుంచి తర్వాతి మాటకి గెంతుతాడు. రాయనిపేట సెంటర్లో అయితే ఈపాటికి పదివేల గొంతులు లేచేవి.

ఇక్కడ ఒక్కటీ లేవలేదు. ఎవరో దగ్గారు.

"ఎన్నిసార్లు?" అన్నాడు లక్ష్మీపతి మళ్ళీ. ఈసారి కొంచెం గొంతు తగ్గింది.

నిశ్శబ్దం. సభలో అధ్యక్షుల వారు "మాననీయ సదస్య్, బోలియే, బోలియే" అని మాట్లాడమన్నారు. లక్ష్మీపతి నోరు తెరిచాడు. మాట రాలేదు. గెంతడానికి కింద పలక లేదు. నల్లటి జుట్టు కింద నుదురు మీద చెమట మెరిసింది. గడియారంలో ఒకటీ యాభై, ఒకటీ నలభై తొమ్మిది.

ఆహా! మూర్తికి ఒళ్ళంతా ఏసీ వేసినట్టయింది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత, అద్దం వెనక నుంచి, మంచి సీటులో కూర్చుని చూస్తున్నాడు. తను చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. సభ్యుడు మౌనంగా ఉంటే దుబాసీ కూడా మౌనంగా ఉండాలి. మౌనాన్ని మౌనంగానే అనువదించాలి. నియమం తనవైపు ఉంది. దేవుడు తనవైపు ఉన్నాడు. ఇంకో నిమిషమున్నర గడిస్తే అధ్యక్షులు తర్వాతి పేరు పిలుస్తారు.

లక్ష్మీపతి దిక్కులు చూసి, చివరికి తలెత్తి, పైన అద్దాల వరసకేసి చూసి, మూడోసారి అడిగాడు.

"మన గేటు... ఎన్నిసార్లు పడుతుంది?"

"ఫార్టీటూ టైమ్స్!" అన్నాడు మూర్తి.

అది అతను అన్నది కాదు. అతని నోరు అన్నది. వారంవారం ఫోన్లో చెల్లెలు ఉమ "ఆగు అన్నయ్యా, గేటు పడింది, ఈ రైలు మోతలో వినపడట్లేదు. రోజుకి నలభై రెండుసార్లు చస్తున్నాం" అని చెప్పిచెప్పి ఆ అంకెని అతని నాలిక మీద పచ్చబొట్టు పొడిచింది. ఊరివాడు అడిగితే ఊరివాడి నోరు ఊరుకోలేదు.

పక్కన ఇంద్రజ గుండ్రటి కళ్ళతో తిరిగింది. కింద మంత్రిగారు ఇయర్‌ఫోన్ సర్దుకుని కలం తీశారు. నలభై రెండు, అని రాసుకున్నట్టే ఉంది.

అదిగో, అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కాని మంత్రిగారి కలం చూడగానే మూర్తి లోపల ముప్పై తొమ్మిదేళ్ళుగా కుక్కిన కుళ్ళంతా ఒక్కసారి మూత తన్నింది. వీడా రాయనిపేట గేటు గురించి చెప్పేది? చెప్పడం వచ్చా వీడికి? ఎలా చెప్పాలో నేను చెప్తాను చూడు!

చెప్పాడు. ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా చెక్కి పేర్చినట్టు. నలభై రెండుసార్లు, పడ్డప్పుడల్లా పావుగంట. ఇవతల మనుషులు, అవతల ఆక్సిజన్. పోయిన భాద్రపదంలో నా చెల్లెలు ఉమ కోడలు ఆ గేటు దగ్గర, ఆగిన ఆటోలో, గూడ్సుబండి యాభై పెట్టెలూ వెళ్ళేలోగా బిడ్డని కన్నది. ఆ మాట అన్న 'నేను' మాత్రం అద్దెది కాదు. సొంతది.

"సార్! ఒరిజినల్ ఏది సార్?" అని గుసగుసగా కేకేసింది ఇంద్రజ, మైకు మీట మీద చెయ్యి పెట్టాలో వద్దో తెలియక. మూలం లేని అనువాదం ఆమె ఎప్పుడూ వినలేదు. మూల కూర్చున్నవాడిదే ఇవాళ మూలం!

కింద లక్ష్మీపతి బిత్తరపోయి చూస్తున్నాడు. తను నోరు మూసుకుని ఉంటే మంత్రిగారు తనకేసి చూస్తూ తల ఊపుతున్నారు. పక్క సభ్యుడు "అరెరె" అంటున్నాడు. నలభై ఏళ్ళ రాజకీయం ఊరికే పోతుందా? మెల్లిగా బల్ల మీది ఇయర్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. పైకి చూశాడు. చూసి, గొంతు సవరించుకుని, వినబడ్డది వినబడ్డట్టు తెలుగులో మొదలుపెట్టాడు.

"నలభై రెండుసార్లు అధ్యక్షా! మా చెల్లెలు ఉమ. దాని కోడలు. ఆటోలో..."

ముందు మూర్తి ఇంగ్లీషు, వెనకాల లక్ష్మీపతి తెలుగు. దుబాసీకి ఎంపీ దుబాసీ అయ్యాడు! మూర్తి ఆ సంగతి గమనించాడు, గమనించి ఇంకా రెచ్చిపోయాడు. ఆఖరి వాక్యం అందుకున్నాడు. మా ఊళ్ళో పురుటినొప్పులు కూడా రైలు వెళ్ళేదాకా ఆగాలి, అని ముగించి, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అంత మంచి వాక్యం అతను అనలేదు.

లక్ష్మీపతి అది విని ఒక్క క్షణం ఆగాడు. ఆగి, రెండు చేతులతో కడుపు పట్టుకుని, పదివేలమంది ముందు నిలబడ్డట్టే నిలబడి అన్నాడు.

"మా ఊళ్ళో పురుటినొప్పులకి కూడా వెయిటింగ్ లిస్టే అధ్యక్షా!"

ఆ మాటకి దుబాసీ అక్కర్లేకపోయింది. వెయిటింగ్ లిస్టు ఈ దేశంలో ఏ భాషవాడికి తెలియదు? సభ ఘొల్లుమంది. బల్లలు చరిచారు. కళ్ళు మూసుకున్నవాళ్ళు తెరిచారు. మంత్రిగారు లేచి, గేటు మీద వంతెన కట్టే సంగతి స్వయంగా చూస్తామన్నారు. మూర్తి చెవుల్లోని హెడ్‌ఫోన్లలో ఆ చప్పట్లన్నీ మోగాయి, వేరేవాడి ఇంట్లో పెళ్ళి పక్కింట్లోకి వినబడ్డట్టు.

*

కారిడార్లో లక్ష్మీపతి చుట్టూ జనం. మూర్తిని చూసి విడిపించుకుని వచ్చాడు.

"ఎలా ఉందిరా?"

"ఎలా ఉండడమేమిటి? మధ్యలో నీకు మాట పడిపోయింది!"

"పడిపోవడమా? ఆగాను. ఎఫెక్టు కోసం ఆగాను."

"చెమట పట్టింది నీకు!"

"అదీ ఎఫెక్టే" అన్నాడు లక్ష్మీపతి కళ్ళార్పకుండా. "నా సభలో ప్రశ్నవేస్తే ఎవడో ఒకడు జవాబు చెప్పి తీరతాడురా. ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ కూడా చెప్పాడుగా ఎవడో."

ఎవడో! మూర్తి ఏమనగలడు? జవాబు చెప్పింది నేనే అంటే ఉద్యోగం మార్చి దాకా ఆగదు. కాసేపటికి గాని ఇంకో సంగతి తట్టలేదు. అంటే తను ఇవాళ లక్ష్మీపతి ప్రసంగం చెయ్యలేదు. లక్ష్మీపతి సభకి వెళ్ళి చెయ్యెత్తి అరిచిన జనంలో ఒకడయ్యాడు.

"అయినా ఉమ నీకు చెల్లెలెప్పుడైంది?" అన్నాడు, ఇంకేమీ దొరక్క.

"అదేంట్రా! అయిదు ఓట్లున్న ఇల్లు. ఉమ నాకు చెల్లెలు కాకపోతే ఇంకెవరు?" అని మళ్ళీ భుజం తట్టి, మళ్ళీ జనంలోకి వెళ్ళిపోయాడు.

జేబులో ఫోన్ మోగింది. సునంద.

"ఏమండీ, చూశారా? మీ లక్ష్మీపతి గారి వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది! ఉమ ఫోన్ చేసి ఏడుస్తోంది, తన పేరు పార్లమెంటులో చెప్పాడని. 'సొంత అన్నయ్య ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాడు, ఏనాడైనా మా గేటు ఊసెత్తాడా' అంటోంది. నేనేం చెప్పను?"

"గేటు పడిందని చెప్పు" అని మూర్తి ఫోన్ పెట్టేశాడు.

*

సాయంత్రం అయిదింటికల్లా తెలుగు ప్రసంగానికి ఇంగ్లీషు పాఠం తయారుచేసి పంపాలి. అదీ మూర్తి పనే. బూత్‌లో అన్నది గాలిలో పోతుంది, రికార్డులో ఉండేది ఈ పాఠమే. సభ్యుడు తెలుగులో ఏమన్నాడో రికార్డింగు విని అదే రాయాలి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ప్రశ్న. మౌనం. ప్రశ్న. మౌనం. ప్రశ్న. తర్వాత లక్ష్మీపతి గొంతు, నలభై రెండుసార్లు. మధ్యలో తను అన్నది ఈ రికార్డింగులో లేదు. ఇది సభ్యుడి మైకు. అందులో లక్ష్మీపతి అడిగాడు, లక్ష్మీపతే జవాబు చెప్పాడు. ఎవడు ముందన్నాడో, ఎవడు వెనకన్నాడో ఎక్కడా లేదు.

ఒకరకంగా మంచిదే. ఉద్యోగం దక్కింది. పోనీ, తన వాక్యమైనా దక్కించుకుందామనుకున్నాడు. పురుటినొప్పులు కూడా రైలు వెళ్ళేదాకా ఆగాలి. ఇంగ్లీషులో అదే టైపు చేశాడు. పేరు లక్ష్మీపతిదైనా మాట తనది. చదువుకున్నాడు. మళ్ళీ రికార్డింగు తిప్పి విన్నాడు.

వెయిటింగ్ లిస్టే అధ్యక్షా!

తన వాక్యం కేసి చూశాడు. నిజాయితీగా, సర్వీసులో ఇరవై ఆరేళ్ళు వేరేవాళ్ళ మాటలు తూచిన చెవితో చూశాడు. తనది ఆస్పత్రి నివేదికలా ఉంది. వాడిది ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది, చేతిలో టికెట్ పట్టుకుని. వాడు కౌన్సిలరయ్యాడు, తను ఊరుకున్నాడు. చైర్మనయ్యాడు, ఎమ్మెల్యే అయ్యాడు, ఎంపీ అయ్యాడు, అన్నిటికీ తను ఏడ్చి ఊరుకున్నాడు. కాని అనువాదం తన వృత్తి! ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పక్కనుంచి తొందరపెడుతున్న గడియారం కింద, ఒక్క క్షణంలో, జీవితంలో మొదటిసారి అనువాదం చేసినవాడు తనకంటే బాగా చేశాడు.

మూర్తికి అంత కడుపుమంట కాలేజీ ఎన్నికల్లో కూడా రాలేదు.

"సార్, అయిదవుతోంది" అంది ఇంద్రజ పక్క కుర్చీలోంచి. "మీ లైన్ అలాగే ఉంచెయ్యండి సార్, బాగుంది. ఎవరు చూస్తారు?"

"ఆయన అన్నది అది కాదమ్మా" అన్నాడు మూర్తి.

తన వాక్యం మొత్తం కొట్టేశాడు. లక్ష్మీపతి మాటకి ఇంగ్లీషు వెతికాడు. కావాలని కొంచెం చప్పగా ఒకటి రాశాడు. చూడలేక అదీ కొట్టేశాడు. మరోటి రాశాడు. కొట్టేశాడు. నాలుగోసారి నొప్పులూ, వెయిటింగ్ లిస్టూ, కడుపు పట్టుకున్న రెండు చేతులూ, అన్నీ ఎనిమిది ఇంగ్లీషు మాటల్లోకి వచ్చి కూర్చున్నాయి.

"ఛీ! బాగుంది" అని పళ్ళు కొరుక్కుని, పైన శ్రీ లక్ష్మీపతి అన్న పేరులో అక్షరాలు సరిగా పడ్డాయో లేదో రెండుసార్లు చూసుకుని, పంపేశాడు.